గెలుపు సాక్ష్యం కాదు
(తార్నాకలో చేసిన స్మారకోపన్యాసం)



 ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో ఆయన పాండిత్యం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నాకు గుర్తున్నది ఆయన నడక. సాయంత్రాలు తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా ఆయన వెంట నడిచేవాణ్ణి. వాదన ముదిరితే అడుగుల వేగం పెరిగేది. మా మధ్య తెగని వాదం ఒకటి మిగిలిపోయింది. మైదానంలో దేవుడి పేరు ఎత్తకూడదని ఆయన. ఎత్తవచ్చు, స్కోరుబోర్డుకు మాత్రం ముడిపెట్టకూడదని నేను. ఇవాళ అదే వాదం కొనసాగిస్తాను.

ఫుట్‌బాల్ ఆటగాడు కాకా చొక్కా మీద యేసు పేరు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టిమ్ టీబో కళ్ల కింద రాసుకున్న బైబిల్ వాక్య సంఖ్య, క్రీడాస్థలాల్లో మత ప్రచారాన్ని కాదనే ఒలింపిక్ చార్టర్ 50వ నిబంధన మీకు తెలిసినవే. మన దగ్గరి ఉదాహరణకే వస్తాను. 2025 అక్టోబర్ 30న నవీ ముంబైలో మహిళల ప్రపంచ కప్ సెమీ ఫైనల్. ఆస్ట్రేలియా చేసిన 338 పరుగులను మన జట్టు దాటింది. 127 పరుగులతో అజేయంగా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్ మైకు ముందు యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. ఆందోళనతో బాధపడ్డానని, దాదాపు రోజూ ఏడ్చానని, చివర్లో ఒక బైబిల్ వాక్యం పట్టుకుని నిలబడ్డానని చెప్పింది. అది మత ప్రచారమని కొందరు ఆమె మీద విరుచుకుపడ్డారు. నమ్మితే గెలుస్తారనడానికి ఇదే రుజువని మరికొందరు చాటారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

మొదటివారికి జవాబు చిన్నది. మన చర్చిల్లో ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి తన కష్టం, కన్నీళ్లు, దొరికిన ఊరట చెప్పి కూర్చుంటారు. అది సాక్ష్యం. జెమీమా చెప్పినదీ ఆ వరసలోనిదే. అందులో ఎవరినీ మతం మారమనలేదు. అదే ఏడాది జనవరిలో మన క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి తిరుమల మెట్లు మోకాళ్ల మీద ఎక్కాడు. దాన్ని భక్తిగా చూశాం, అలాగే చూడాలి. మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణ ఇద్దరిదీ. ఒకరిది మొక్కు, మరొకరిది నేరం అనడం న్యాయం కాదు.

రెండోవారితో వాదం పెద్దది. వాళ్లు తప్పక తెచ్చే పేరు పరుగు వీరుడు ఎరిక్ లిడెల్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం దేవుడి దినమని పరుగెత్తనన్నాడు, అందుకే దేవుడు 400 మీటర్లలో బంగారు పతకం ఇచ్చాడు అంటారు. ఈ కథలో వదిలేసినవి చూడండి. 100 మీటర్ల హీట్స్ జులై 6న, ఆదివారం. ఆ పతకం హెరాల్డ్ అబ్రహామ్స్‌కు పోయింది. లిడెల్‌కు తిరిగి రాలేదు. ఆదివారం పడిన రిలేలనూ అతను వదులుకున్నాడు. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా హీట్స్ ఆదివారమని ఓడ ఎక్కుతున్నప్పుడు మాత్రమే తెలిసినట్టు చూపింది. నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలల్లో అతను 400 మీటర్లకు సాధన చేశాడు. జులై 11న 47.6 సెకన్లలో గెలిచాడు. ఆ పతకం వెనుక సాధన ఉంది. విశ్వాసం కనబడేది అతను వదులుకున్న పరుగుల్లో.

‘అయినా గెలిచాడు కదా’ అంటారు. సరే, ఆ తర్వాతి జీవితం చూద్దాం. 1925లో చైనాకు మిషనరీగా వెళ్లాడు. జపాన్ సైన్యం వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. 1945 ఫిబ్రవరిలో, 43 ఏళ్ల వయసులో, మెదడులో కణితితో అక్కడే చనిపోయాడు. గెలుపే దేవుడి సంతకమైతే ఈ మరణాన్ని ఏమని చదువుతారు? శిబిరంలో అతను పిల్లలకు ఆటలు ఆడించేవాడు. ఆదివారం హాకీకి మొదట ఒప్పుకోలేదు. రిఫరీ లేకుండా ఆడి పిల్లలు కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం తనే విజిల్ పట్టుకున్నాడని శిబిరంలో ఉన్నవారు చెప్పారు. ఒలింపిక్ పతకం కోసం సడలించని నియమాన్ని కొట్లాడుకుంటున్న పిల్లల కోసం సడలించాడు. పారిస్ కంటే ఇదే గొప్పదని నా వాదం. ఇక్కడ చప్పట్లు లేవు, పతకం లేదు. విశ్వాసం పక్కవాడికి ఏం చేసిందన్నది ఉంది.

ఈ ప్రశ్న నుంచే నేను ఇప్పుడు చేస్తున్న పని మొదలవుతుంది. అదే 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టు మేనేజర్‌గా వెళ్లినవాడు హ్యారీ క్రో బక్. 1920లో మద్రాసులో క్రైస్తవ సంస్థ అయిన వైఎంసీఏకు వ్యాయామ విద్యా కళాశాల స్థాపించింది ఆయనే. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో పుట్టింది అమెరికా వైఎంసీఏల్లోనే. ఇవాళ మన పల్లెల్లో సాయంత్రం రెండు కర్రల మధ్య వల కట్టేవాళ్లకు ఆ ఆట ఏ మతం నుంచి వచ్చిందన్న ఊహే రాదు. చాలాచోట్ల వలకు ఇటూ అటూ వేర్వేరు కులాలూ, మతాలూ నిలబడతాయి. ఆ ఆటలను స్కూళ్లలో నేర్పినవారు డ్రిల్ మాస్టార్లు. చరిత్ర పుస్తకాల్లో మిషన్ ఆసుపత్రి ఉంది, మిషన్ స్కూలు ఉంది. ఆ స్కూలు గ్రౌండులో విజిల్ వేసినవాడు లేడు.

ఆ మాస్టార్ల చరిత్ర రాస్తున్నాను. పాత రిజిస్టర్లు, జట్ల ఫోటోలు, శిష్యుల జ్ఞాపకాలు సేకరిస్తున్నాను. ఈ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ, వ్యాయామ విద్యా శాఖ కలిసి ఈ పనిని చేపట్టాలని ఈ వేదిక మీదే కోరుతున్నాను. విద్యార్థులారా, మీ ఊరి డ్రిల్ మాస్టారు ఎక్కడ శిక్షణ పొందారో, ఏ ఆట నేర్పారో, ఎవరిని ఆటలోకి రానిచ్చారో అడిగి రాసి పంపండి. ఆటకు విశ్వాసం ఏమిచ్చిందో తేల్చాల్సింది ఆ లెక్కతోనే.