ఎల్‌వీఎన్‌కు ఉద్యోగం ఎక్కడ?

అమెరికాలో ఏడాదిపాటు నర్సింగ్ చదివి, ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష గట్టెక్కినవారిని టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఎల్‌వీఎన్ అంటారు, మిగతాచోట్ల ఎల్‌పీఎన్. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ల చూపంతా పెద్దాసుపత్రుల మీదే. అక్కడేమో రిజిస్టర్డ్ నర్సులకే (ఆర్‌ఎన్‌లకే) మొగ్గు. ఎల్‌వీఎన్‌లను ఎక్కువగా తీసుకునేది వృద్ధుల నర్సింగ్ హోములు. మందులివ్వాలి, పుండ్లకు కట్లు కట్టాలి, షుగరు చూడాలి, అన్నీ రాసిపెట్టాలి. నడుం విరిగే పనే, కానీ చేయి తిరిగేది అక్కడే. రాత్రి షిఫ్టుకు సరేనంటే పిలుపు త్వరగా రావచ్చు. ఇళ్లకు వెళ్లి చూసే హోమ్ హెల్త్ సంస్థలు, క్లినిక్కులు, జైళ్లు కూడా తీసుకుంటాయి. జైలనగానే జంకకండి, అదీ నర్సింగే!

డల్లాస్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇంకో మాట. టెక్సాస్ ఇచ్చే బహుళరాష్ట్ర లైసెన్సు, నర్సుల లైసెన్సులపై రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలోని ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. కాలిఫోర్నియా అందులో లేదు; అక్కడికి మారితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసిందే.