ఓటునకు పరీక్ష వలయునా?

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నిన్నటి విషయనిర్ణయసభలో మన యువకులు కొందరొక తీర్మానమును ప్రతిపాదించిరి. రాజ్యాంగమును గూర్చియు, ప్రభుత్వపు పనులను గూర్చియు స్వల్పపరీక్ష జరిపి, అందు నెగ్గినవారికే ఓటుహక్కు నీయవలెనని మన సంఘము ప్రభుత్వమును కోరవలెననుట దాని సారము. వారి యుద్దేశము మంచిది. మద్యమునకును రొక్కమునకును ఓట్లమ్ముడుపోవుట చూచి వారి మనస్సు నొచ్చినది. మా మనస్సును నొచ్చినది. అయినను ఈ తీర్మానమును మనమంగీకరింపరాదని విన్నవించుటకే నిలిచితిమి.

ఈ యాలోచన క్రొత్తది కాదు. చదువను, వ్రాయను, త్రైరాశికపు లెక్క చేయను రానివానికి ఓటీయరాదని 1861లో ఇంగ్లండున జాన్ స్టూవర్ట్ మిల్ పండితుడు వ్రాసెను. అయితే ముందుగా అందరికిని చదువు అందుబాటులోనికి తేవలెనని ఆయనయే చెప్పెను. లోకమా రెండవ మాటను మరచి మొదటి మాటను పట్టుకొనెను.

దాని ఫలమును అమెరికాలో చూడుడు. 1890లో మిసిసిపీ రాష్ట్రమువారు తమ రాజ్యాంగములోని యే భాగమునైనను చదువగలవానికో, చదివి వినిపింపగా అర్థము చెప్పగలవానికో మాత్రమే ఓటని నిర్ణయించిరి. ప్రశ్న వేయువాడును, జవాబు సరియని తేల్చువాడును తెల్లజాతి యధికారియే. తెల్లవానికి సులభమైన వాక్యము, నల్లవానికి న్యాయవాదులకైన కొరుకుడుపడని వాక్యము! లూసియానాలో 1896లో 1,30,000కు పైగా నల్లజాతి ఓటర్లుండగా, 1898లో చదువు, ఆస్తి మున్నగు నిబంధనలు పెట్టిన పిమ్మట, 1904 నాటికి 1,400 మందియైనను మిగులలేదు. ఆరేండ్లలో అంతమంది జ్ఞానము నశించెనా? నశించినది వారి హక్కు. 1965లో ఓటుహక్కుల చట్టము వచ్చువరకు ఈ యన్యాయము సాగెను.

మన దేశముననో, 1935 చట్టము ప్రధానముగా ఆస్తి, పన్ను, చదువు అను కొలతలతో ఓటును పంచెను. వయోజనులలో అత్యధికులు వెలుపలనే నిలిచిరి. అంతకు పూర్వమే, 1928లో, డాక్టరు అంబేడ్కరుగారు సైమన్ కమిషను యెదుట వయోజనులందరికిని ఓటు కోరియుండిరి. స్వతంత్రభారత రాజ్యాంగము ఆ మార్గమునే త్రొక్కెను. 1951 జనాభా లెక్కలలో అక్షరాస్యులు నూటికి 18 మందియే. అయినను 1951–52 ఎన్నికలలో 17 కోట్లకు పైబడిన జనులు ఓటర్ల పట్టికల కెక్కిరి. అక్షరము రానివారికై అభ్యర్థికొక గుర్తు నేర్పరచిరి. దేశము మునిగిపోవునని భయపడినవారుండిరి, మునుగలేదు.

చదువురానివారికి రాజ్యవ్యవహారము తెలియదందురా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను స్మరింపుడు. అక్షరములను అప్పుడప్పుడే దిద్దుకొనుచున్న ఆ కూలితల్లులు సారాదుకాణములపై తిరుగబడిరి. జిల్లాయంతట వేలముపాటల నడ్డగించిరి. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. పిదప 1997లో అది సడలింపబడినను, వారి పోరాటము ప్రభుత్వమును కదలించిన మాట నిజము. రాజ్యాంగములో ఎన్ని అధికరణములున్నవని యడిగియుండిన వారిలో నెందరు చెప్పగలిగెడివారు? తమ యిల్లు దేనిచే కూలుచున్నదో మాత్రము వారికన్న నెవరికి తెలియును?

వైద్యునకు పరీక్ష కలదు, బండి నడుపువానికి లైసెన్సు కలదు, ఓటరునకేల వలదని యువకులడిగిరి. ప్రశ్న తగినదే. కాని ఓటరు వైద్యుని వంటివాడు కాడు, రోగి వంటివాడు. నొప్పి యెచ్చటనో చెప్పుకొనుటకు రోగి వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. ఒకని తప్పుడు ఓటు పదుగురిని బాధించును గదా యందురేని, అది నిజమే. అయితే చదివినవాని తప్పుడు ఓటును అట్లే బాధించును. ఓటమ్ముకొను పేదవానిని నిందించుచున్నాము, కొనువాడు నిరక్షరుడా? అతడే పరీక్షలోనైనను నెగ్గగలవాడే!

ఇంకొక్క మాట. మన విద్యార్థి వసతిగృహమునకు తొలి చందాలిచ్చిన పెద్దల పుస్తకమును తెరచి చూడుడు. పేరునకెదురుగా చేవ్రాలు లేక వేలిముద్రలున్న పుటలు పెక్కు కలవు. ఆ వేలిముద్రల చలువచేతనే నేటి తీర్మానము వ్రాసిన చేతులకు కలము పట్టుట వచ్చినది. చదువు విలువ నెరుగుటకు వారికి చదువు రానవసరము లేకపోయెను. వారిని ఓటునకు పనికిరారని మన నోటనే యందుమా?

కావున ఆ తీర్మానమునకు బదులుగా మేమొకటి ప్రతిపాదించుచున్నాము. ప్రతి యెన్నికకు ముందు నెలదినములు మన విద్యావంతులు గ్రామములకు పోయి రాత్రిబడులు నడపవలెను. పట్టికలో పేరున్నదో లేదో చూచి, లేనివారిచేత చేర్పింపవలెను. సుప్రీంకోర్టు 2002లో నిచ్చిన తీర్పు ఫలితముగా అభ్యర్థులు తమ ఆస్తులను, అప్పులను, క్రిమినలు కేసులను, చదువును ప్రమాణపత్రమున తెలుపుచున్నారు. ఆ పత్రములను అందరికిని చదివి వినిపింపవలెను. ఎవరికి వేయవలెనో మాత్రము చెప్పరాదు. ఈ సంఘము పేరుతో మన ఓట్లను మూటగట్టి బేరము పెట్టువారెవరైన నుండినచో, వారిని మొదట మనమే నిరాకరింపవలెను.

పరీక్ష పెట్టుట సులభము, పాఠము చెప్పుట కష్టము. కష్టమైనదానినే మన యువకులు చేపట్టుదురుగాక.