కాలేజీ గ్రంథాలయంలోకి ఊరు రావాలంటే



గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14నే ఎందుకు మొదలవుతాయి? 1919లో ఆ రోజున మద్రాసులో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికోసం తిరిగినవారు మన అయ్యంకి వెంకట రమణయ్యగారు. అంతకు అయిదేళ్ళ ముందే, 1914లో, ఆయన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపనకు నడుం కట్టారు.

ఆ తరంవారు పుస్తకాన్ని ఒంటరిగా ఊళ్ళోకి పంపలేదు. భజనలు, హరికథలు తోడు పెట్టుకుని గ్రంథాలయ యాత్రలు చేశారు. అక్షరం రానివాళ్ళూ కథ వినడానికి వచ్చేవారు, విన్నాక పుస్తకం చదివించుకునేవారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిపారు.

విశ్వవిద్యాలయాల సంగతి వేరు. అక్కడి పుస్తకాలు విద్వాంసులవి, విద్యార్థులవి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు లెక్కల మాస్టారు. శిక్షణకు లండన్ వెళ్ళి, క్రాయిడన్ గ్రంథాలయాల్లో మామూలు జనం పుస్తకాలు వాడుకునే తీరు కళ్ళారా చూశారు. 1931లో అచ్చయిన ఆయన గ్రంథాలయ పంచసూత్రాల్లో నాకు మూడోది ఎక్కువ ఇష్టం. బీరువాలో ఉన్న ఏ పుస్తకమూ చదివే మనిషి లేక మిగిలిపోకూడదన్నది దాని సారం. అలా మిగలకూడదంటే గ్రంథాలయమే జనం దగ్గరికి కదలాలి. ఈ మాట విశ్వవిద్యాలయ ఉద్యోగి నోట రావడం చిన్న విషయం కాదు.

ఆ ఆలోచన నిండుగా కట్టడమై నిలిచిన చోటు నాకు తెలిసి అమెరికాలోని శాన్ హోసే. మనవాళ్ళు ఎందరో కాపురముంటున్న ప్రాంతమది. 2003లో అక్కడి విశ్వవిద్యాలయమూ నగరమూ కలిసి ఎనిమిది అంతస్తుల గ్రంథాలయం తెరిచి, మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టాయి. విద్వాంసుల పుస్తకాలు జనం చేతుల్లో పడితే పరిశోధన ఏమవుతుందని అధ్యాపకులు కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా ఆ భవనంలో ఇవాళ పసిపిల్లల విభాగమూ ఉంది, సంగీతకారుడు బీతోవెన్, రచయిత స్టైన్‌బెక్‌ల మీద పరిశోధన కేంద్రాలూ ఉన్నాయి. ఊరివాళ్ళ కార్డు మీద విశ్వవిద్యాలయ పుస్తకం ఇంటికి వెళ్తుంది.

మన కాలేజీలు ఎనిమిది అంతస్తులు కట్టక్కర్లేదు. ఆదివారం సాయంత్రం పఠన మందిరం తెరిచి, ఊళ్ళో బుర్రకథ చెప్పేవారిని పిలిచి, ఆ కథకు సంబంధించిన పుస్తకాలు బల్ల మీద పరచమని గ్రంథపాలకులను కోరుతున్నాను. నచ్చినది ఆ సాయంత్రమే ఇంటికి తీసుకెళ్ళే వీలూ ఉండాలి.