తెర నేర్పు వ్యాయామము, తోడు నిలుపు ఉత్సాహము
(ప్రసంగ పాఠము)



ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలందురు. ఆ భాగ్యమును కూడబెట్టుకొనవలసిన వయస్సు కౌమారము. విచిత్రమేమనగా, ఆ వయస్సునందే పిల్లలు ఆటస్థలమునకు దూరమగుచున్నారు. 146 దేశములకు చెందిన 2016 నాటి లెక్కలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఒక నివేదికను ప్రకటించిరి. 11 మొదలు 17 ఏండ్ల వరకు గల పిల్లలలో నూటికి 81 మందికి చాలినంత శారీరక శ్రమ లేదని అందు తేలినది. బాలురలో ఈ సంఖ్య 78, బాలికలలో 85. ఈ వయస్సువారు రోజునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వేడెక్కునట్లు కదలవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది.

ఇట్టి స్థితిలో వ్యాయామ విద్యను ఫోను తెరపై నేర్పిన ఫలమెంత? ఈ ప్రశ్న 2020లో దేశమంతటను తలయెత్తినది. ఆ మార్చిలో కోవిడ్ వలన పాఠశాలలు మూతపడెను. ఏప్రిలులో ఫిట్ ఇండియా ఉద్యమమువారును, సి.బి.ఎస్.ఇ. వారును కలిసి విద్యార్థులకై ఆన్‌లైనులో వ్యాయామ పాఠములు ప్రారంభించిరి. ఇంగ్లండులో జో విక్స్ అను శిక్షకుడు చెప్పిన పాఠమును ఆ ఏడు మార్చి 24న ఒకే సమయమున తొమ్మిది లక్షల యేబదివేలకు పైగా ఇండ్లలో తిలకించిరి.

అండమాను నికోబారు ద్వీపములకు అప్పటికి సముద్రగర్భ కేబులు లేదు. సమాచారమంతయు ఉపగ్రహముల మీదుగా నడుచుచుండెడిది. బొమ్మ నడుమ నిలిచిపోయినచో, గురువు చేయి పైకెత్తెనో క్రిందికి దించెనో శిష్యునకెట్లు తెలియును? ఆ యేడే ఆగస్టు 10వ తేదీన, చెన్నపట్టణము నుండి సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబులు ప్రారంభమైనది. నేడు శ్రీ విజయపురమను పేర నున్న పోర్టు బ్లెయిరునకే గాక కారు నికోబారు, గ్రేట్ నికోబారు వంటి దూర ద్వీపములకును ఆ తీగ చేరినది.

తీగ వచ్చినది. దానివెంట ఉత్సాహమును వచ్చునా? అదియే విచారింపవలసిన విషయము.

ఆరేండ్ల పసివాడు తెరమీద ఎవరు గంతులు వేసినను తానును వేయును. పదునాలుగేండ్ల బాలుడట్లు కాడు. ఎవరో చూతురేమో యను సిగ్గు, తోటివారితో పోల్చుకొను తత్త్వము, ఆజ్ఞాపించినచో ఎదురుతిరుగు స్వభావము ఆ వయస్సునకు సహజములు. కెమెరా మూసివేసి, కుర్చీలో కూర్చుండి, పాఠము ముగియువరకు హాజరు వేయించుకొనుట వానికి కష్టము కాదు. గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. తెర చూచుటతో కండ బలిసినవాడును లేడు.

మనుజుని ఉత్సాహము దేనివలన నిలుచునో అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయ పండితులు డెసీ, రయాన్ అనువారు చిరకాలము పరిశోధించిరి. వారు మూడు అవసరములను చెప్పిరి. తన పని తాను ఎన్నుకొను స్వేచ్ఛ మొదటిది. తనకు చేతనగుచున్నదను నమ్మకము రెండవది. తనవారు తనతో నున్నారను భావము మూడవది. ఈ మూడును లేనిచోట బలవంతపు కసరత్తు పరీక్షతోపాటే ముగియును.

ఉత్తరాంధ్రలోని తాలింఖానాల మర్మమిదియే. అచ్చట గురువు కంటి యెదుట నుండును. నిన్న పది తీసిన దండెములు నేడు పండ్రెండు తీసితినను సంతోషముండును. ప్రక్కన తోటివాడు చెమటోడ్చుచుండును. ఈ ద్వీపముల బిడ్డలును ఇందుకు సాక్ష్యమిత్తురు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో చెట్టును పట్టుకొని ప్రాణము దక్కించుకొన్న డెబోరా హెరాల్డు దేశము గర్వించు సైక్లింగు క్రీడాకారిణి యైనది. ఏసో ఆల్బెన్ 17 ఏండ్ల వయస్సున, 2018లో, ప్రపంచ జూనియరు సైక్లింగు పోటీలలో రజత పతకమును సాధించెను. మరుసటి యేడు జట్టుతో కలిసి స్వర్ణమును గెలిచెను. వారిని తీర్చినవి మైదానము, శిక్షకుడు, తోటివారు.

అట్లని తెరను నిందింపరాదు. నెలల తరబడి వానలు కురియు ఈ ద్వీపములలో ఆటస్థలము నీట మునిగిన దినమున అది మిక్కిలి ఉపకరించును. వ్యాయామోపాధ్యాయుడు లేని దూరపు దీవికి మంచి గురువును కొనిపోగలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు మరియొక మేలును కలదు. బదిలీపై వచ్చిన తండ్రికి కార్యాలయములో సహచరులు వెంటనే దొరకుదురు. కుమార్తెకో, విశాఖపట్టణములో విడిచి వచ్చిన కబడ్డీ జట్టు మరల దొరకదు. ఆట మానుటకు సోమరితనముకంటె ఈ ఒంటరితనమే తరచు కారణమగును. ఆ స్నేహితురాండ్రే సాయంకాలమున తెరకు ఆవల నిలిచి, లెక్క పెట్టుచు, కలిసి త్రాడాట ఆడినచో ఉత్సాహము తిరిగి వచ్చును. తెరను గురువునకు బదులుగా గాక స్నేహమునకు వంతెనగా వాడుకొనుటయే యుక్తము.

ఇందుకు పెద్దలు చేయవలసినవి కొన్ని గలవు. ఏ వ్యాయామము చేయవలెనో పిల్లలనే ఎన్నుకొననిండు. ప్రక్కయింటి బాలునితో పోల్చక, గత వారపు తన లెక్కతోనే పోల్చుకొనుట నేర్పుడు. క్వార్టర్లలోని నలుగురు పిల్లలను ఒకే తెర యెదుట చేర్చుడు; వాన వెలిసినంతనే తెర కట్టి, సముద్రపుటొడ్డున నడకకు పంపుడు. తప్పు చేసినందుకు గుంజిళ్లు తీయించువాడు బిడ్డకు వ్యాయామమును శిక్షగా పరిచయము చేయుచున్నాడని మరువకుడు. పరీక్షలు వచ్చినంతనే మొదట ఆట గంటను కోయకుడు. బాలికకు ఇంటిపని చెప్పి బాలుని మాత్రము మైదానమునకు పంపు అలవాటును విడువుడు. అన్నిటికిని మించి, తండ్రి సోఫాలో పండుకొని కుమారుని లేచి పరుగెత్తుమన్నచో ఆ మాట చెవికెక్కదు. వారమునకు రెండు దినములైనను తలిదండ్రులు పిల్లలతో కలిసి చెమటోడ్చవలెను.

సాంస్కృతిక సంఘములు పండుగలకు పాటలు, నాటకములు ఏర్పరచుట ముదావహము. ఆదివారము ప్రాతఃకాలమున ఒక గంట పిల్లల ఆటలకై కేటాయించినచో, బదిలీపై క్రొత్తగా వచ్చిన బిడ్డకు ఆనాడే ఒక జట్టు దొరకును. దేహము దృఢముగా నుండుటయు సంస్కృతిలో భాగమే. ఈ విన్నపము పెద్దల మనస్సులకెక్కుగాక.