మాత్రకూ మాత్రకూ మధ్య నాలుగు గంటలు



ఈరోజు మా వదిన సంగతి చెబుతాను. ఆమెకు థైరాయిడ్ తక్కువ. రోజూ మాత్ర వేసుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇచ్చారు. "అన్నీ ఒక్కసారే మింగితే మరిచిపోను గదా" అనుకుంది. పొద్దున్నే మూడూ కలిపి కాఫీతో మింగేది. తర్వాత రక్తపరీక్షలో థైరాయిడ్ ఇంకా తగ్గిందని తేలింది.

మాత్ర మానలేదు. మరి ఎందుకు తగ్గింది?

ఐరన్, కాల్షియం ఆ మందును కడుపులోనే పట్టేసుకుంటాయి. రక్తంలోకి సరిగా చేరనివ్వవు. కడుపుమంట మందులు కొన్ని, కాఫీ కూడా అడ్డమే. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ కావాలి. అందుకే ఇది చిన్న సంగతి కాదు.

మరి ఏం చేయాలి?

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట ఆగి కాఫీ, టిఫిను. ఐరన్, కాల్షియం నాలుగు గంటల తర్వాతే. ఆ రెండూ కూడా వేర్వేరు వేళల్లో వేసుకోవాలి. దేన్నీ మానకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్తే, వాడే మందులన్నీ చూపించాలి.

మీకిప్పుడు రాయడం వచ్చు. ఏ మాత్ర ఏ వేళకో రాసి గోడకు అంటించండి. మా వదిన అదే చేసింది. నెలన్నరకు పరీక్ష సరిగా వచ్చింది.