రాజధానిలో పసివారి పండుగ

(ప్రసంగ పాఠం)



పసిబిడ్డ పుట్టుకను పండుగగా జరుపుకొనడం మన దేశానికి కొత్త కాదు. కృష్ణాష్టమినాడు వాకిలి నుండి పూజగది వరకు చిన్నారి పాదాలు దిద్దే తల్లులకు, శ్రీరామనవమినాడు వీధివీధినా పానకం పంచేవారికి, డిసెంబరు 25వ తేదీన పశువుల తొట్టిలోని శిశువు ఎదుట పొరుగింటివారు దీపం వెలిగించడంలోని అంతరార్థం ఒకరు విడమరచి చెప్పవలసిన పని లేదు. అయితే క్రిస్మస్ కథలో ఒక విశేషమున్నది. ఆ బిడ్డ సొంత ఇంటిలో పుట్టలేదు. జనసంఖ్య రాయించుకొనడానికి తల్లిదండ్రులు దూరప్రయాణం చేసి, సత్రంలో చోటు దొరకక తలదాచుకొన్న చోట పుట్టినాడు. అది ఊరు విడిచివచ్చిన ఒక కుటుంబం కథ.

భారత రాజధాని అట్టి కుటుంబాల నగరం. ఉద్యోగం కొరకు, చదువు కొరకు, కూలి కొరకు దేశం నలుమూలల నుండి వచ్చినవారితో ఢిల్లీ, దానిని ఆనుకొనియున్న నోయిడా, గాజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్ నిండియున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీలో క్రైస్తవులు నూటికి ఒకరికన్నా తక్కువ. ఆ కొద్దిమందిలోనే కేరళీయులు, గోవావారు, పంజాబీలు, తమిళులు, మిజోలు, నాగాలు, ఛోటానాగపూర్ ఆదివాసులు, తెలుగువారు ఉన్నారు. కనుక ఢిల్లీలో క్రిస్మస్ అన్నప్పుడు ఒకే విధమైన పండుగను ఊహించుకొనరాదు. అక్కడ అనేక భాషల ఇండ్లలో, అనేక రుచులతో, ఒకే రాత్రి జరిగే పండుగ అది.

ఉత్తర భారతంలో ఈ పండుగకు నాలుగు శతాబ్దులకు మించిన చరిత్ర ఉన్నది. 1580లో గోవా నుండి జెసూట్ గురువులు ముగ్గురు అక్బరు పాదుషా ఆహ్వానంపై ఫతేపూర్ సిక్రీకి వచ్చినారు. వారిలో ఒకరైన మొన్సెరాటేకు పాదుషా తన కుమారుడు మురాద్‌కు చదువు చెప్పే పని అప్పగించినాడు. అప్పటికి రాకుమారునికి పదేండ్ల ప్రాయం. పరమతాన్ని గూర్చిన పరిచయం బాల్యంలోనే కలగడం మంచిదని ఆ పాలకుడు తలచినట్లు ఇందువలన ఊహించవచ్చును. ఢిల్లీ కశ్మీరీ గేటు వద్ద సెయింట్ జేమ్స్ చర్చిని 1836లో పూర్తి చేయించిన జేమ్స్ స్కిన్నర్, రాజపుత్ర స్త్రీ కడుపున పుట్టినవాడు. సెయింట్ స్టీఫెన్స్ కళాశాల 1881లో వెలసినది. ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలైన సుశీల్ కుమార్ రుద్ర ఇంటిలో 1915లో గాంధీజీ అతిథిగా ఉన్నారు. ఈ విధంగా రాజధానిలో క్రైస్తవ గృహాలు జాతీయ జీవనంతో ముడిపడి పెరిగినవి.

పండుగ ఒక్కనాటిది కాదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా పాటిస్తారు. ఆ దినాలలో సదర్ బజారులో కాగితపు నక్షత్రాలు, రంగుల దీపాలు రాసులుగా పోసియుంటవి. 1926లో ప్రారంభమై, నేడు కన్నాట్ ప్లేసులో ఉన్న వెంగర్స్ రొట్టెల దుకాణం ముందు కేకుల కొరకు జనం నిలబడతారు. ఇండ్లలోనూ పని మొదలవుతుంది. కేరళ ఇంటిలో ఎండు ద్రాక్ష, జీడిపప్పు నానబెట్టి కేకు చేస్తారు. గోవా ఇంటిలో పిండిని చిన్న గవ్వల వలె చుట్టి వేయించి కుల్‌కుల్ చేస్తారు. తెలుగు తల్లి తడి బియ్యం దంపించి, బెల్లపు పాకం పట్టి అరిసెలు వండుతుంది. పిండి తడి ఆరకుండా పాకంలో కలపాలి, పాకం ముదరకుండా దించాలి. గవ్వలు చుట్టడానికి, అరిసెలపై నువ్వులు అద్దడానికి చిన్న చేతులే తగినవి. ఇరుకైన వంటగదిలో పిల్లలు చేసే ఆ కాస్త పనివలన ఆలస్యమే తప్ప సాయం లేదని పెద్దలకు తోచవచ్చును. కాని ఆ ఆలస్యంలోనే బిడ్డకు తల్లి పుట్టిన ఊరు, నాయనమ్మ చేతి వాటం తెలిసివస్తవి.

పిల్లలకు మిక్కిలి ఇష్టమైనది పశువుల పాకను అమర్చడం. ఇటలీలోని గ్రెచ్చో అనే ఊరిలో 1223లో అసీసీ వాసి ఫ్రాన్సిస్ మునీశ్వరుడు గడ్డి పరచి, ఎద్దును గాడిదను నిలబెట్టి, చదువురాని పల్లెవారికి ఆ జన్మ కథను కండ్లకు కట్టినాడు. నాటినుండి ఈ ఆచారం లోకమంతటా వ్యాపించినది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే తెలుగింటి ఆడపిల్లలకు దీని మర్మం చెప్పనవసరం లేదు. మట్టి గొర్రెలను, గొల్లలను, ఒంటెలపై వచ్చే జ్ఞానులను వరుసగా పేర్చుతూ పిల్లలు కథను తామే చెప్పుకొంటారు. తొట్టిలోని శిశువును మాత్రం ఇరువది నాలుగవ తేదీ రాత్రి వరకు ఉంచకుండుట అనేక కుటుంబాలలో మర్యాద. ఎదురుచూడడం ఎట్లో ఆ ఖాళీ తొట్టి పిల్లలకు నేర్పుతుంది.

ఎదురుచూడడం నేర్పని వస్తువు ఒకటి నేటి పండుగలో ప్రవేశించినది. అది కొనుగోలు. కానుకలు తెచ్చే క్రిస్మస్ తాత కథకు మూలమైన నికొలాస్ అనే పీఠాధిపతి, నాలుగవ శతాబ్దిలో నేటి టర్కీలోని మైరా పట్టణంలో ఉండెను. కడుపేదలకు ఎవరికీ తెలియకుండా సాయం చేసినవాడని ఆయనకు ప్రసిద్ధి. రహస్యంగా ఇచ్చినవాని పేరుమీద నేడు ఆడంబరంగా కొనడం విచిత్రమే. తల్లిదండ్రులు ఇరువురూ ఉద్యోగులై, దీపాలు పెట్టిన తరువాత ఇల్లు చేరే నగరంలో, ఇవ్వలేకపోయిన కాలానికి బదులుగా వస్తువును ఇవ్వాలనిపించుట సహజం. కాని మూడేండ్ల బిడ్డకు బొమ్మ ధర తెలియదు. తండ్రి నేలమీద కూర్చుండి తనతో ఎంతసేపు ఆడినాడో మాత్రం తెలుస్తుంది.

ఢిల్లీ చలిని గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. డిసెంబరు చివర రాత్రులు గడ్డకట్టించే విధంగా ఉంటవి. పొగమంచుతో పాటు గాలిలోని కాలుష్యం నేలకు దిగి నిలుస్తుంది. ఎదుగుతున్న ఊపిరితిత్తులకు అది పెద్దలకన్నా ఎక్కువ హాని చేస్తుంది. చంటిబిడ్డలను అర్ధరాత్రి ఆరాధనకు తీసుకొనిపోవడమే భక్తికి గుర్తు కాదు. సాయంకాలపు ఆరాధనగాని, మరునాటి ఉదయపు ఆరాధనగాని వారికి మేలు. మరొక ప్రమాదం ఇంటిలోనిదే. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుటవలన ఉత్తర భారతంలో ప్రతి శీతాకాలంలోను ప్రాణాలు పోతున్నవి. బొగ్గునుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే స్పృహ తప్పిస్తుంది. కుంపటిని ఆర్పి, బయట పెట్టిన తరువాతనే పడుకొనవలెను.

తెలుగు కుటుంబానికి ఈ కాలంలో ఎదురయ్యే ప్రశ్న వేరొకటున్నది. తెలుగునాట క్రిస్మస్‌కు బంధువులందరూ చేరుతారు. మెదక్ వంటి చోట జరిగే ఉత్సవం సంగతి చెప్పనక్కరలేదు. కరవు నాళ్లలో ఆకలిగొన్నవారికి పని, అన్నం కల్పిస్తూ నిర్మించిన ఆ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. కాని ఢిల్లీ పాఠశాలలకు శీతాకాలపు సెలవులు సాధారణంగా జనవరిలో వస్తవి. పదహారు వందల కిలోమీటర్లకు మించిన ప్రయాణం ఒక్కనాటి సెలవులో సాధ్యం కాదు. అందువలన బిడ్డ పండుగను తాతయ్య, అమ్మమ్మ లేకుండ, హిందీ మాటల నడుమ జరుపుకొంటాడు. పందొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌధరి వంటివారు తెలుగు రాగాలలో కూర్చిన కీర్తనలే అప్పుడు అతనికి తెలుగుతో మిగిలిన బంధం. అర్థం పూర్తిగా తెలియకున్నను, పాట నోటికి వచ్చిన బిడ్డకు భాష పరాయిది కాదు.

భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించవలెనని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషితో 1948లో ఢిల్లీలో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు ఆ ఆశయానికి అంతకు ముందే బాట వేసినవి. అయితే పాఠశాల ఎంత చేసినను, మొదటి బడి ఇల్లే. హిందీలో స్నేహం చేసి, తెలుగులో పాడి, ఇంగ్లీషులో పాఠం చదివే బిడ్డ మూడింటిలో దేనినీ పోగొట్టుకొనవలసిన పని లేదు. ఇంటిలో పెద్దలు తెలుగు మాట్లాడడం మానినప్పుడే పోగొట్టుకొంటాడు.

ఇక పొరుగింటి పిల్లల మాట. గోల్ డాక్‌ఖానా వద్ద సేక్రెడ్ హార్ట్ కథీడ్రల్, దానికి సమీపంలోనే గురుద్వారా బంగ్లా సాహిబ్ ఉన్నవి. క్రిస్మస్ నాడు కథీడ్రల్ ముందు బారులు తీరేవారిలో పిల్లలను భుజాలపై ఎత్తుకొన్న ఇతర మతస్థులు కూడ ఎందరో ఉంటారు. బంగ్లా సాహిబ్ కథ కూడ ఒక బాలుని కథయే. సిక్కుల ఎనిమిదవ గురువు హరికృషన్ 1664లో ఆ చోట గల రాజా జైసింగు భవనంలో బస చేసినారు. అప్పుడు ఢిల్లీలో మశూచి ప్రబలియుండెను. గురువు రోగులకు సేవచేసి, అదే వ్యాధికి గురియై, ఎనిమిదేండ్లు నిండకుండనే పరమపదించినారు.

అంతేకాదు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో సర్‌హింద్‌లో బలియైన గురు గోవిందసింగు చిన్న కుమారులు, పదేండ్లు నిండని జోరావర్ సింగు, ఫతే సింగులను సిక్కు గృహాలు స్మరించుకొనేది డిసెంబరు చివరి వారంలోనే. 2022 నుండి డిసెంబరు 26ను వీర బాలదినంగా దేశం పాటిస్తున్నది. హేరోదు రాజు చంపించిన బెత్లెహేము పసివారిని క్రైస్తవులు డిసెంబరు 28న తలచుకొంటారు. ఒకే వారంలో, ఇరుగుపొరుగు ఇండ్లలో, అధికారం పసివారిపట్ల చేసిన అన్యాయాన్ని రెండు మతాలవారు తమ తమ రీతిలో పిల్లలకు చెప్పుకొంటున్నారు. సిక్కు బాలుడు మిత్రుని ఇంటి కేకు తినడం, క్రైస్తవ బాలిక లంగరులో పంక్తిన కూర్చుండడం మంచిదే. దానితో పాటు ఒకరి ఇంటి దుఃఖం మరొకరి ఇంటి బిడ్డకు తెలిసిననాడు, సమైక్యత అనే మాటకు పాఠ్యపుస్తకం బయట అర్థం ఏర్పడుతుంది.

చివరకు చెప్పవలసినది అన్నిటికన్న ముఖ్యమైనది. రాజధానిలో పసిపిల్లలున్న అనేక గృహాలలో బిడ్డను ఎత్తుకొని, అన్నం తినిపించి, నిద్రపుచ్చేది ఆ ఇంటి తల్లి కాదు. పిల్లలు దీదీ అని పిలిచే పనిమనిషి. వారిలో ఝార్ఖండ్‌లోని రాంచీ, గుమ్లా, సిమ్‌డేగా ప్రాంతాల నుండి వచ్చిన ఉరావ్, ముండా స్త్రీలు ఎందరో ఉన్నారు. జర్మనీ నుండి గోస్నర్ మిషన్ బోధకులు 1845లో రాంచీ చేరిన నాటినుండి ఆ ప్రాంతంలో క్రైస్తవం వేరూనినది. కనుక క్రిస్మస్ ఆ స్త్రీలలో పలువురి పండుగ కూడ. వారిలో తల్లులైనవారు పలువురు తమ బిడ్డలను ఊరిలో అవ్వ వద్ద విడిచి వచ్చినవారు. ఇంటి యజమానులు ఏ మతస్థులైనను, పండుగనాడు పిల్లలకు వేడుక చేసి, అతిథులను పిలుచుకొంటారు. ఆ వేడుకకు వంట చేసి, గిన్నెలు కడిగేది పండుగ ఎవరిదో ఆ స్త్రీయే. ఒకరి బిడ్డకు పండుగ జరగడానికి మరొకరి బిడ్డ తల్లిని కోల్పోతున్నాడు.

డిసెంబరు 25 కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు దినం. ఇంటిపనివారికి మాత్రం సెలవు యజమాని దయపై ఆధారపడియున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక వారికి వారానికి కనీసం ఇరువది నాలుగు గంటల ఎడతెగని విశ్రాంతి ఉండవలెనని చెప్పుచున్నది. భారతదేశం దానికి అనుకూలంగా వోటు వేసినను, ధ్రువీకరణ జరుగలేదు. చట్టం వచ్చేవరకు ఇల్లు ఆగనవసరం లేదు. రాంచీ వైపు రైళ్లు పండుగ రోజులలో కిటకిటలాడుతుంటవి. 2024 నవంబరు నుండి రైల్వేవారు అరువది రోజుల ముందు మాత్రమే రిజర్వేషను ఇస్తున్నారు. కాబట్టి దీదీకి సెలవు ఎప్పటినుండి ఎప్పటివరకో అక్టోబరు మాసంలోనే అడిగి తెలుసుకొని, జీతం కోయకుండ, టిక్కెట్టు చేతికివ్వవలెను. ఆ పది దినాలు ఇంటిపని కష్టమవుతుంది. తల్లిదండ్రులు ఆఫీసుకు సెలవు పెట్టవలసిరావచ్చును. దీదీ ఎక్కడికి వెళ్లినదని బిడ్డ అడిగినప్పుడు, ఆమెకు నీవంటి పాప ఉన్నది, పండుగకు ఆ పాప వద్దకు వెళ్లినదని చెప్పవచ్చును. ఇంకొక ఇంటిలోనూ తనవంటి బిడ్డ ఉన్నాడన్న ఎరుక ఆ పసి మనస్సుకు పండుగ ఇచ్చే కానుక.