రాతిలో భాస్వరం – ఒంట్లో భాస్వరం



విజయవాడ నుంచి భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారిలో, సుక్మా దాటిన తరువాత తోంగ్‌పాల్ అనే ఊరు వస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ ప్రాంతం ఇది. ఈ చుట్టుపక్కల రాళ్ళలో తగరం ఉందని 1970లలో భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇక్కడి గిరిజనులు మట్టిని, ఇసుకను పళ్ళెంలాంటి పాత్రలో వేసి నీళ్ళతో కడుగుతారు. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. తగరపు ఖనిజమైన కాసిటరైట్ సుమారు ఏడు రెట్లు బరువు. అందుచేత ఇసుక కొట్టుకుపోయి, నల్లని బరువైన గింజలు అడుగున మిగులుతాయి.

తగరం మనకు కొత్తదేమీ కాదు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము పడుతుందని మన పెద్దలు గిన్నె లోపల కళాయి వేయించేవారు. ఆ తెల్లని పూత తగరమే.

ఈ బస్తర్ రాళ్ళలోనే అంబ్లిగోనైట్ అనే మరో ఖనిజం కూడా ఉంది. ఇందులో లిథియం, అల్యూమినియం, ఫ్లోరిన్‌లతోపాటు ఫాస్ఫేట్ ఉంటుంది. ఒక భాస్వరం పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చేరితే దానిని ఫాస్ఫేట్ అంటాం. మన ఎముకల్లోనూ ఉన్నది ఈ ఫాస్ఫేటే. మరి ఆ రాతిని పొడిచేసి తింటే ఎముకలు గట్టిపడతాయా? పడవు. ఖనిజం ఏ రూపంలో ఉంది, ఎంత మోతాదులో ఉంది అన్న రెండు ప్రశ్నల మీదే దాని మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి. ఈనాటి ప్రసంగంలో ఈ రెండింటినీ పరిశీలిద్దాం.

మొదట రూపం సంగతి. ప్రకృతిలో ఫాస్ఫేట్ ఎక్కువగా అపటైట్ అనే ఖనిజంగా దొరుకుతుంది. ఇది నీటిలో సులభంగా కరగదు. కరగనిదాన్ని మొక్క వేరు పీల్చుకోలేదు. ఫాస్ఫేట్ రాతిని గంధకామ్లంతో చర్య జరిపితే నీటిలో కరిగే సూపర్ ఫాస్ఫేట్ వస్తుంది. జాన్ బెనెట్ లాస్ అనే ఆంగ్లేయుడు 1842లో ఈ పద్ధతికి పేటెంట్ పొందాడు. మీ నాన్నగారు పొలంలో చల్లే సూపర్, డి.ఎ.పి. ఎరువుల్లోని భాస్వరం ఇలా రాతి నుంచి వచ్చినదే. పైరు దాన్ని గింజలోకి చేరుస్తుంది. గింజ ద్వారా అది మనలోకి వస్తుంది.

పెద్దవారి శరీరంలో సుమారు 700 గ్రాముల భాస్వరం ఉంటుంది. అందులో దాదాపు 85 శాతం ఎముకల్లో, పళ్ళలో కాల్షియంతో కలిసి హైడ్రాక్సీ అపటైట్‌గా ఉంటుంది. అంటే రాతిలోని అపటైట్‌కు ఇది దగ్గరి చుట్టమన్నమాట! మిగిలిన కొద్దిపాటి భాస్వరం మాత్రం క్షణం తీరిక లేకుండా పనిచేస్తూ ఉంటుంది. ఆ పని ఏమిటో లోకానికి తెలియజేసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం అప్పట్లో కష్టమైన పని. మాలిబ్డేట్ కలిపి, నీలిరంగు వచ్చేలా చేసి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరాన్ని లెక్కకట్టే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఆ కొలతే దారి చూపింది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో, ఎ.టి.పి. అనే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ ఉందని 1929లో తెలియజేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు.

ఎ.టి.పి.లో మూడు ఫాస్ఫేట్లు వరుసగా ఉంటాయి. నీటితో చర్య జరిగి చివరిది విడిపోయినప్పుడు శక్తి విడుదలవుతుంది. మీరు పరుగెత్తినా, పాఠం చదివినా ఖర్చయ్యేది ఈ శక్తే. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండే ఎ.టి.పి. కొద్దిగానే. కానీ అది విడిపోతూ, మళ్ళీ తయారవుతూ ఉంటుంది. అలా ఒక రోజులో తయారయ్యే మొత్తాన్ని కూడితే దాదాపు మన బరువంత అవుతుంది!

ఇక మోతాదు సంగతి. అంబ్లిగోనైట్‌లో ఫ్లోరిన్ ఉందని చెప్పుకున్నాం కదా. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల్లోని రాళ్ళలోనూ ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వాటి నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా భూగర్భజలంలో కరుగుతుంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల్లో దీనివల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించారు.

ఇందులో రసాయన శాస్త్రం చాలా తేలిక. హైడ్రాక్సీ అపటైట్‌లోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరుతుంది. కొంచెం చేరితే పంటి పింగాణీ ఆమ్లాలకు తట్టుకుంటుంది. ఎక్కువైతే, పళ్ళు తయారయ్యే చిన్న వయసులో మచ్చలు పడి పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు చూడటానికి దట్టంగా, నిజానికి పెళుసుగా తయారవుతాయి. కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. ఒకసారి వంగిన ఎముకను ఏ మందూ తిరిగి నిలబెట్టలేదు. నివారణ ఒక్కటే దారి.

అందుకే పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దాని పేరే నల్గొండ పద్ధతి. ఆ తరువాత కృష్ణా జలాలను పైపుల ద్వారా గ్రామాలకు అందించడం మొదలైంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ దీన్ని ఇంకా విస్తరించింది. ఒక ముఖ్యమైన మాట: నీళ్ళు కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

మరి మంచి ఖనిజాలు ఎలా అందుతాయి? నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పదికి అటూ ఇటూ మాత్రమే. బస్తర్‌లో తాగే మండియా పేజ్, మన రాగి అంబలి రెండూ ఈ గింజతో చేసేవే. అయితే గింజల్లో భాస్వరం చాలావరకు ఫైటిక్ ఆమ్లంగా దాగి ఉండి, ఇనుమును, జింకును ఒంటికి అందనీయకుండా పట్టుకుంటుంది. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. చూశారా, ఇక్కడా రూపం మారితేనే ఉపయోగం! ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము మరింత బాగా వంటబడుతుంది.

చివరగా మీకొక పని. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు మాత్రమే అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మీ ఇంట్లో తాగేది బోరు నీరైతే, దాన్ని పరీక్ష చేయించమని మీ సైన్సు మాస్టారిని, పంచాయతీవారిని అడగండి. సుబ్బారావు గారికి దారి చూపింది ఒక కొలత. మీ ఇంట్లో పసిపిల్లల పళ్ళను, ఎముకలను కాపాడేది కూడా ఒక కొలతే కావచ్చు.